నగరం నడిబొడ్డున టవర్లు ఎందుకు లేవవు?

పొటోమాక్ నదికి ఒక ఒడ్డున వాషింగ్టన్, అవతలి ఒడ్డున వర్జీనియా రాష్ట్రంలోని రాస్లిన్. వాషింగ్టన్ వైపు ఆఫీసు భవనాలన్నీ దాదాపు 130 అడుగుల దగ్గర తాడు పట్టి కోసినట్టు ఒకే మట్టానికి ఆగిపోతాయి. రాస్లిన్‌లో అంతకు రెండింతలు దాటిన టవర్లు గుంపుగా కనిపిస్తాయి. రెండిటినీ ఒకే మెట్రో సొరంగం కలుపుతుంది. నదికి అటూ ఇటూ ఉన్న కంపెనీలు, ఉద్యోగులు ఒకే మార్కెట్టుకు చెందినవాళ్లు. తేడా అంతా కాగితం మీదే ఉంది.

1894లో వాషింగ్టన్‌లో కైరో అనే 164 అడుగుల అపార్ట్‌మెంట్ భవనం లేచింది. అంత పైన మంటలంటుకుంటే నిచ్చెన ఎలా అందుతుందని చుట్టుపక్కల వాళ్లు ఆందోళన పడ్డారు. 1899లో అమెరికా కాంగ్రెస్ ఎత్తుపై చట్టం చేసింది, 1910లో దాన్ని సవరించింది. ఎదురుగా ఉన్న వీధి వెడల్పుకు 20 అడుగులు కలిపితే ఎంతో, భవనం ఎత్తు అంతే. వ్యాపార వీధుల్లో ఎలా చూసినా 130 అడుగులు దాటకూడదు, పెన్సిల్వేనియా అవెన్యూలో ఒక భాగానికి మాత్రం 160. కాంగ్రెస్ సమావేశమయ్యే కాపిటల్ భవనం గుమ్మటం కంటే ఎత్తుగా కట్టకూడదన్నదే నియమమని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. చట్టంలో కొలబద్ద వీధి వెడల్పే.

ఇంత తేటగా కారణం బయటపడే నగరాలు తక్కువ. ఏ నిషేధమూ లేకపోయినా నడిబొడ్డున ఖాళీ పార్కింగ్ స్థలాలు మిగిలిపోయిన అమెరికా నగరాలు ఎన్నో ఉన్నాయి. డబ్బు దండిగా ఉండి కూడా 100 మీటర్లకు మించి వద్దని ఓటేసిన మ్యూనిక్ లాంటి నగరమూ ఉంది. అందుకే ముందుగా ఒక అంతస్తు పైన ఇంకో అంతస్తు ఎందుకు వేస్తారో తెలుసుకోవాలి. ఆ లెక్క తెలిస్తే, అది ఏ నగరంలో ఎక్కడ తెగిపోయిందో కనిపెట్టవచ్చు.

ఆఖరి అంతస్తు లెక్క

ఎత్తుకు మూలం స్థలం ధర. ఒక స్థలంలో పది అంతస్తులు కడితే స్థలం ఖర్చులో పదో వంతు ఒక్కో అంతస్తు మీద పడుతుంది. ఇరవై కడితే ఇరవయ్యో వంతు. అంటే పది నుంచి ఇరవైకి వెళ్తే స్థలం భారం సగమవుతుంది. యాభై నుంచి అరవైకి వెళ్తే అందులో ఆరో వంతే తగ్గుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఆదా చిక్కిపోతుంటే, కట్టుబడి ఖర్చు మాత్రం అంతస్తు అంతస్తుకూ పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుంది? మొదటిది గాలి. గాలి ఒత్తిడి కింది నుంచి పైదాకా ఒకేలా ఉందనుకున్నా, ఎత్తు రెట్టింపైతే భవనాన్ని పడదోయడానికి పునాది దగ్గర పనిచేసే శక్తి నాలుగింతలవుతుంది. నిజానికి పైన గాలి వేగం ఎక్కువ కాబట్టి అంతకంటే పెరుగుతుంది. కొన దగ్గర భవనం ఊగే దూరాన్ని మొత్తం ఎత్తులో సుమారు 500వ వంతు లోపు ఉంచాలన్నది ఇంజనీర్ల వాడుక. బరువు మోయడానికి సరిపడే ఉక్కు ఒక ఎత్తు దాటాక ఊగును ఆపడానికి చాలదు. అదనపు ఉక్కు వేయాల్సిందే. షికాగోలో పనిచేసిన ఇంజనీరు ఫజ్లూర్ ఖాన్ ఈ అదనపు ఖర్చును ఎత్తుకు కట్టే రుసుముగా లెక్కగట్టి చూపించారు. దాన్ని తగ్గించడానికే గొట్టం లాంటి నిర్మాణ పద్ధతుల్ని తెచ్చారు.

రెండోది లిఫ్టులు. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. మంచి ఆఫీసు భవనంలో ఉదయం రద్దీలో ఐదు నిమిషాల్లో మొత్తం జనంలో 12 నుంచి 15 శాతం మందిని పైకి చేర్చాలి, సగటున అర నిమిషానికి మించి ఎవరూ ఎదురుచూడకూడదు. స్థూలంగా 40 నుంచి 50 వేల చదరపు అడుగులకు ఒక లిఫ్టు కావాలి. నలభయ్యో అంతస్తుకు వెళ్లే లిఫ్టు కింది ముప్పై తొమ్మిది అంతస్తుల్లోనూ స్థలం తింటుంది. అంటే పైన వేసిన ప్రతి అంతస్తూ కింది అంతస్తుల అద్దెలో కోత పెడుతుంది. పది అంతస్తుల భవనంలో అంతస్తు వైశాల్యంలో 80 నుంచి 85 శాతం అద్దెకివ్వగలిగితే, 50-60 అంతస్తులు దాటాక అది 70 శాతం దరిదాపులకు జారుతుంది. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 44, 78 అంతస్తుల్లో లిఫ్టు మారే ఏర్పాటు పెట్టింది ఈ నష్టాన్ని తగ్గించడానికే. ఒకే లిఫ్టు మార్గంలో మూడు వేర్వేరు లిఫ్టులు ఒకదానిపై ఒకటి నడిచేవి.

మూడోది కాలం. ఐదు చిన్న భవనాలైతే ఒకటి పూర్తి చేసి, అద్దెకిచ్చి, ఆ డబ్బుతో తర్వాతిది మొదలుపెట్టవచ్చు. టవర్‌ను సగంలో ఆపి కింది భాగం అద్దెకివ్వడం దాదాపు కుదరదు. అప్పు మీద వడ్డీ నాలుగైదేళ్లు నడుస్తూనే ఉంటుంది. ఆ మధ్యలో మార్కెట్ పడిపోతే ఏమవుతుందో ఎంపైర్ స్టేట్ భవనం చూపించింది. 1931లో, మహా మాంద్యం నడుమ తెరుచుకున్న ఆ భవనం చాలా ఏళ్లు సగం ఖాళీగా ఉండిపోయింది. లాభం చూడటానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టింది.

1930లో విలియం క్లార్క్, జాన్ కింగ్‌స్టన్ అనే ఇద్దరు న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ దగ్గరి ఒక స్థలాన్ని తీసుకుని, 8 నుంచి 75 అంతస్తుల దాకా రకరకాల ఎత్తులకు ఖర్చు, రాబడి లెక్కవేశారు. పెట్టుబడిపై రాబడి ఎక్కువగా తేలింది 63 అంతస్తులకు. ఆ పైన తగ్గింది. అప్పటి ప్రపంచంలో అత్యంత ఖరీదైన స్థలాల్లో ఒకదానికి వచ్చిన జవాబు అది. స్థలం ధర అందులో పదో వంతున్న నగరంలో అదే లెక్క వేస్తే జవాబు చాలా కిందికి దిగుతుంది. అక్కడ టవర్ కట్టొద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు, లెక్కే ఆపేస్తుంది.

జనం ఒక్కచోటికి ఎలా చేరతారు

నడిబొడ్డున స్థలం ధర పెరగాలంటే, అక్కడే ఉండాలని పట్టుబట్టి ఎక్కువ అద్దె కట్టేవాళ్లు కావాలి. బ్యాంకులు, లా కంపెనీలు, ప్రధాన కార్యాలయాలు, ప్రభుత్వ శాఖల చుట్టూ తిరిగే సంస్థలు అలాంటివి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటంలో వాటికి విలువుంది. జర్మనీలో దీనికి మంచి సాక్ష్యం దొరుకుతుంది. యుద్ధం తర్వాత బెర్లిన్ చీలిపోయింది. 1948లో పశ్చిమ జర్మనీ కేంద్ర బ్యాంకుకు ముందు రూపమైన సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలిసింది, పెద్ద బ్యాంకులు అక్కడికే చేరాయి. బెర్లిన్ కంటే జనాభాలో ఎంతో చిన్నదైన ఫ్రాంక్‌ఫర్ట్‌కే టవర్ల వరస దక్కింది.

అయితే అద్దె కట్టే సంస్థ ఉంటే చాలదు, దాని ఉద్యోగులు రోజూ అక్కడికి చేరగలగాలి. ఐదు వేల మంది పనిచేసే టవర్‌ను ఊహించండి. మనిషికి 150 చదరపు అడుగుల చొప్పున ఏడున్నర లక్షల చదరపు అడుగుల ఆఫీసు కావాలి. అందరూ కార్లలో వస్తే, కారు నిలిపే చోటుకు తోడు కారు తిరిగే దారిని కలుపుకుని ఒక్కోదానికి సుమారు 325 చదరపు అడుగులు పడుతుంది. మొత్తం పదహారు లక్షలకు పైనే. అంటే ఆఫీసుకు రెండింతలు మించిన పార్కింగ్. పెద్ద రహదారిలో ఒక లైను గంటకు సుమారు రెండు వేల కార్లను మోస్తుంది కాబట్టి, ఒక్క టవర్ కోసమే గంటసేపు రెండున్నర లైన్లు పూర్తిగా నిండిపోతాయి. ఇలాంటి పది టవర్లు పక్కపక్కన వేస్తే పాతిక లైన్లు కావాలి. బాగా నడిచే మెట్రో లైను ఒకవైపే గంటకు 30 వేల మందిని దాటిస్తుంది.

ఈ ఒక్క లెక్కతోనే చాలా నగరాల రూపం అర్థమవుతుంది. కార్ల మీద బతికే నగరం తన ఆఫీసుల్ని ఒక్కచోట పోగేయలేదు. దానికి తోడు ప్రతి వెయ్యి చదరపు అడుగుల ఆఫీసుకూ నాలుగు పార్కింగ్ చోట్లు ఉండాలని నియమం పెడితే, వెయ్యి అడుగుల ఆఫీసుకు 1,300 అడుగుల పార్కింగ్ కట్టాల్సి వస్తుంది. ఊరి చివర చవక నేలపై అది సులువు. నడిబొడ్డున సెల్లార్‌లోకి దిగాలి, కింద ప్రతి అంతస్తుకూ తవ్వకం, నీరు తోడటం, పక్క భవనాలు కుంగకుండా గోడలు కట్టడం. బిల్డర్ అక్కడే వెనుదిరుగుతాడు.

లాస్ ఏంజెలిస్ కథలో రెండు కారణాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగమంతా అక్కడ భవనాల ఎత్తుకు 150 అడుగుల పరిమితి ఉండేది. 1928లో కట్టిన సిటీ హాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1956లో పరిమితి ఎత్తేశారు. అప్పటికే నగరం రహదారుల వెంట విస్తరించిపోయింది. ఆ తర్వాత వచ్చిన టవర్లు డౌన్‌టౌన్‌తో పాటు విల్షైర్ బులెవార్డ్, సెంచరీ సిటీల మధ్య పంచుకుపోయాయి. అవన్నీ ఒకేచోట ఉండి ఉంటే ఆ నగరాన్ని ఎవరూ పొట్టి నగరం అనేవాళ్లు కాదు. నియమం తీసేయగానే పోయిన డిమాండ్ తిరిగి రాదని ఇది చెబుతుంది.

నియమాల్లో రకాలు, వాటి వంకరలు

ఎత్తుపై నేరుగా పెట్టే పరిమితి అన్నిటికంటే సులభంగా అర్థమయ్యేది. పారిస్‌లో 1973లో 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ పూర్తయ్యాక జనం దాన్ని ఎంతగా అసహ్యించుకున్నారంటే, 1977లో నగరం 37 మీటర్ల పరిమితి తెచ్చింది. 2010లో అంచుల్లో కొన్నిచోట్ల ఆఫీసులకు 180 మీటర్ల దాకా సడలించి, 2023లో మళ్లీ 37కే తిరిగి వచ్చింది. ఈలోగా ఆఫీసుల డిమాండ్ ఏమైంది? నగరం సరిహద్దు దాటి, 1958 నుంచే ప్రత్యేక సంస్థ చేతిలో రూపుదిద్దుకుంటున్న లా డిఫాన్స్‌కు వెళ్లింది. లండన్‌లో పాత ఆర్థిక కేంద్రం ఇరుకు సందులతో, వారసత్వ భవనాలతో నిండి ఉండగా, పాడుబడిన రేవుల్లో కానరీ వార్ఫ్ లేచి, 1991లో 235 మీటర్ల టవర్‌తో నిలబడింది. పోటీ చూసి పాత కేంద్రం తన నియమాలను తనే వదులు చేసుకుంది.

రాతలో లేని నియమాలూ ఉంటాయి. ఫిలడెల్ఫియాలో సిటీ హాల్ శిఖరంపై ఉన్న విలియం పెన్ విగ్రహం టోపీని మించి ఎవరూ కట్టకూడదన్నది పెద్దమనుషుల ఒప్పందం మాత్రమే. 548 అడుగుల ఆ హద్దు 1987 దాకా నిలిచింది. వన్ లిబర్టీ ప్లేస్ 945 అడుగులకు వెళ్లి దాన్ని చెరిపేసింది. మ్యూనిక్‌లో 2004లో జరిగిన ఓటింగులో స్వల్ప తేడాతో 100 మీటర్ల హద్దు గెలిచింది. ఫ్రావెన్‌కిర్షె చర్చి గోపురాల ఎత్తు ఆ దరిదాపుల్లోదే.

దృశ్య మార్గాలు ఇంకో రకం. లండన్‌లో రిచ్‌మండ్ పార్కులోని ఒక దిబ్బ మీద నుంచి చూస్తే సుమారు 16 కిలోమీటర్ల దూరంలో సెయింట్ పాల్స్ గుమ్మటం కనిపించాలి. ఆ చూపుకు అడ్డొచ్చే భవనానికి అనుమతి దొరకదు. 225 మీటర్ల లెడెన్‌హాల్ భవనం ఒకవైపు ఏటవాలుగా వెనక్కి వాలి ఉండటానికి కారణం, ఫ్లీట్ స్ట్రీట్ నుంచి అదే గుమ్మటాన్ని చూసే దారి వదలాల్సి రావడమే. ఇలాంటి నియమం టవర్లను పూర్తిగా ఆపదు, చూపు మార్గాల మధ్య మిగిలిన సందుల్లోకి గుంపుగా నెడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఎఫ్ఏఆర్ దగ్గర. మన దేశంలో చాలాచోట్ల ఎఫ్ఎస్ఐ అనేది ఇదే. స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే సంఖ్య. ఇది ఎత్తును నేరుగా ఆపదు. ఎఫ్ఏఆర్ 5 ఉన్నచోట స్థలంలో 70 శాతం కప్పి ఏడు అంతస్తులు వేయవచ్చు, 25 శాతం మాత్రమే కప్పి ఇరవై అంతస్తులు కూడా వేయవచ్చు. వచ్చే వైశాల్యం దాదాపు ఒకటే. అందుకే టవర్లు తక్కువున్న నగరంలో జనసాంద్రతా తక్కువేనని అనుకోవడం పొరపాటు. ఆరేడు అంతస్తుల పారిస్ చదరపు కిలోమీటరుకు సుమారు 20 వేల మందిని మోస్తోంది.

న్యూయార్క్‌లో 1915లో ఈక్విటబుల్ భవనం స్థలానికి 30 రెట్ల వైశాల్యంతో వీధి అంచునుంచి నిటారుగా లేచి, పక్క భవనాల వెలుగు మింగేసింది. ఏ ప్రాంతంలో ఏది ఎలా కట్టాలో చెప్పే 1916 జోనింగ్ నియమం పై అంతస్తులను మెట్లుమెట్లుగా వెనక్కి జరపమంది. స్థలంలో నాలుగో వంతుపై మాత్రం ఎంత ఎత్తయినా వెళ్లనిచ్చింది. 1961లో వచ్చిన నియమం ఎఫ్ఏఆర్‌ను గరిష్ఠంగా 15కి కట్టి, జనం కోసం ఖాళీ ప్రాంగణం వదిలితే 18 ఇచ్చింది. పక్క స్థలాల్లో వాడని కట్టుబడి హక్కుల్ని కొని కలుపుకునే వీలూ ఉంది. ఇరుకు స్థలంపై ఎత్తుకు 24వ వంతు మాత్రమే వెడల్పున్న 57వ వీధి సన్న టవర్ అలాగే సాధ్యమైంది.

ముంబై అనుభవం ఇందుకు ఎదురు కొస. 1960ల్లో నారిమన్ పాయింట్‌కు ఇచ్చిన ఎఫ్ఎస్ఐ 4.5. 1991 నిబంధనల్లో ద్వీప నగరమంతటికీ, అంటే ముంబై దక్షిణ భాగమంతటికీ, 1.33 ఖాయం చేశారు. ఇలా కిందికి దించితే కలిగే చెరుపు పైకి కనిపించదు. ఇప్పటికే 2.5 వాడేసిన పాత భవనాన్ని కూల్చి కొత్తది కడితే 1.33 మాత్రమే వస్తుంది. ఏ యజమానీ చేతులారా సగం వదులుకోడు. భవనం శిథిలమవుతున్నా అలాగే ఉంచుతాడు. నడిబొడ్డు గడ్డకట్టుకుపోతుంది, ప్రత్యేక పథకాల కింద అదనపు ఎఫ్ఎస్ఐ దొరికిన చోట మాత్రం విడివిడిగా టవర్లు మొలుస్తాయి. నా దృష్టిలో నేరుగా పెట్టే ఎత్తు పరిమితి కంటే ఇదే ఎక్కువ నష్టం చేసే నియమం.

అగ్నిమాపక నియమాల్లోని గడపలను కూడా మర్చిపోకూడదు. పై అంతస్తు నేల ఎత్తు జర్మనీలో 22 మీటర్లు, అమెరికాలో 75 అడుగులు, ఫ్రాన్స్ ఆఫీసులకు 28 మీటర్లు దాటితే భవనం వేరే తరగతిలో పడుతుంది. స్ప్రింక్లర్లు, పొగ నిలవని మెట్లు, అత్యవసర లిఫ్టు, ఇలా ఖర్చు ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ గడపను ఒక్క అంతస్తుతో దాటడం దండగ. దాటితే పది అంతస్తులతో దాటాలి, అంత డిమాండ్ లేకపోతే దాని కిందే ఆగాలి.

విమానాశ్రయం

ఊరికి దగ్గర్లో విమానాశ్రయం ఉంటే మిగతా చర్చ చాలావరకు అనవసరం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పెద్ద రన్‌వేకు చుట్టూ 4 కిలోమీటర్ల దాకా విమానాశ్రయ మట్టం నుంచి 45 మీటర్ల పైన ఒక ఊహా కప్పు ఉంటుంది. అక్కడినుంచి బయటికి ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున అది మరో 100 మీటర్లు లేస్తుంది. విమానం దిగే, ఎగిరే వరసలో హద్దులు ఇంకా కిందికి ఉంటాయి. శాన్ డియాగో డౌన్‌టౌన్‌లో టవర్లన్నీ 500 అడుగుల దగ్గర ఆగడానికి కారణం ఇదే. హాంకాంగ్‌లో కై తక్ విమానాశ్రయం 1998లో మూతపడ్డాక కౌలూన్ వైపు పైకప్పు తెరుచుకుంది, 2010లో 484 మీటర్ల టవర్ పూర్తయింది. బిల్డర్లు ఇక్కడ చేసే పొరపాట్లు రెండు. హద్దును సముద్ర మట్టం నుంచి ఇస్తే, స్థలం నేల ఎత్తును తీసేయడం మర్చిపోతారు. భవనం హద్దులోనే ఉన్నా, దాన్ని కట్టే క్రేన్ దాటుతుందని చివర్లో గుర్తిస్తారు. క్రేన్‌కూ అనుమతి కావాలి.

నేల మీద మోపే నిందలు

మన్‌హటన్‌లో రెండు టవర్ల గుంపుల మధ్య ఉన్న పల్లానికి రాతిపొర లోతుగా ఉండటమే కారణమని చాలాకాలంగా చెబుతుంటారు. కానీ రాతిపొర బాగా లోతుగా ఉన్న సిటీ హాల్ ప్రాంతంలోనే 1913లో వూల్‌వర్త్ భవనం వంద అడుగులకు పైగా లోతున్న పునాదులతో లేచింది. మధ్య ప్రాంతంలో అప్పట్లో ఉన్నవి కిక్కిరిసిన కార్మికుల ఇళ్లు, వర్క్‌షాపులు. ఆఫీసులు రైల్వే స్టేషన్లను, డబ్బున్న వినియోగదారులను వెతుక్కుంటూ ఉత్తరానికి వెళ్లాయి. మెక్సికో సిటీ మెత్తటి చెరువు మట్టిపై 1956లో లాతినోఅమెరికానా టవర్ నిలిచింది, 1985 భూకంపాన్ని తట్టుకుంది. బుర్జ్ ఖలీఫా కింద ఉన్నవి నేలలోకి దించిన 192 స్తంభాలు (పైల్స్), వాటిపై 3.7 మీటర్ల మందం కాంక్రీటు పలక (రాఫ్ట్). పైల్‌కు, చుట్టూ ఉన్న నేలకు మధ్య రాపిడే అంత బరువునూ ఆపుతోంది.

కాబట్టి చెడ్డ నేల టవర్‌ను నిషేధించదు, ఖరీదు చేస్తుంది. డిమాండ్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఆ ఖరీదే త్రాసును తిప్పవచ్చు. ఆదా చేద్దామనుకుంటే ఏమవుతుందో శాన్ ఫ్రాన్సిస్కోలోని 58 అంతస్తుల మిలీనియం టవర్‌లో తెలిసింది. పైల్స్ రాతిపొర దాకా వెళ్లకుండా ఇసుక పొరలో ఆగాయి. 2009లో పూర్తయిన భవనం 40 సెంటీమీటర్లకు పైగా కుంగి, పక్కకు ఒరిగింది. తర్వాత రాతి దాకా కొత్త పైల్స్ దించాల్సి వచ్చింది.

భూకంపాల మాటా ఇంతే. టోక్యోలో 1963 దాకా ఉన్న 31 మీటర్ల హద్దును భూకంపాల భయం కాపాడిందని అనిపిస్తుంది. నిర్మాణ లెక్కలు మెరుగయ్యాక దాని స్థానంలో ఎఫ్ఏఆర్ వచ్చింది. ఐదేళ్లకే, 1968లో, 36 అంతస్తుల కసుమిగసెకి భవనం లేచింది.

ముక్కలైన స్థలాలు

నేల కంటే పెద్ద అడ్డంకి నేల మీది గీతలు. లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు, పైపులు ఉండే నడిమి భాగానికి ప్రతి అంతస్తులో మూడు నాలుగు వేల చదరపు అడుగులు పోతాయి. అద్దె గిట్టాలంటే అంతస్తు కనీసం పన్నెండు, పదిహేను వేల చదరపు అడుగులుండాలి. పాత నగర కేంద్రంలో స్థలాలు రెండు మూడు వేల చదరపు అడుగుల ముక్కలు. ఒక్కో ముక్కకు నలుగురు వారసులు, పాత అద్దెదారులు, ఎక్కడో ఒక కోర్టు కేసు. పది ముక్కలు కలిపితేగాని టవర్‌కు చోటు రాదు. తొమ్మిది కొన్నాక పదో యజమాని అడిగిన ధర మొత్తం లాభాన్నీ మింగేయగలదు. ప్రపంచంలో కొత్త టవర్ల గుంపులు రేవులు, రైల్వే యార్డులు, పూడ్చిన సముద్రం మీద ఎక్కువగా రావడానికి ఇదే కారణం. కానరీ వార్ఫ్ రేవు, న్యూయార్క్‌లోని హడ్సన్ యార్డ్స్ రైలు పట్టాల పైకప్పు, కౌలూన్ టవర్ నిలిచింది పూడ్చిన నేల. అన్నిచోట్లా ఒకే యజమాని, ఒకే సంతకం.

ఏదైనా నగరాన్ని చూసి కారణం పట్టుకోవాలంటే కొన్ని గుర్తులు పనికొస్తాయి. భవనాలన్నీ ఒకే మట్టానికి ఆగితే అక్కడ నియమం ఉంది. నగర సరిహద్దు దాటగానే టవర్లు మొదలైతే డిమాండ్ ఉంది, దాన్ని బయటికి తోశారు. నడిబొడ్డున చదునైన పార్కింగ్ స్థలాలు ఏళ్ల తరబడి అలాగే ఉంటే డిమాండే లేదు, ఎఫ్ఏఆర్ ఎంత పెంచినా ఎవరూ రారు. స్థలం ధర ఆకాశంలో ఉండి, కింద మాత్రం పాతబడిన రెండంతస్తుల ఇళ్లు కూలకుండా నిలబడితే, చిక్కు దస్తావేజుల్లోనో, అద్దె చట్టంలోనో, కిందికి దించిన ఎఫ్ఎస్ఐలోనో ఉంటుంది.

చాలాచోట్ల ఇవి ఒకదాని కింద ఒకటి దాక్కుని ఉంటాయి. విమానాశ్రయానికి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్రానికి నగరపాలక సంస్థ ఎఫ్ఏఆర్‌ను 3 నుంచి 10కి పెంచిందనుకోండి. పైన 45 మీటర్ల కప్పు అలాగే ఉంది. ఆఫీసు అంతస్తు 4 మీటర్లు కాబట్టి పదకొండు అంతస్తులతో సరి. వాటిలో 10 రెట్లు సర్దాలంటే స్థలంలో 90 శాతానికి పైగా కప్పాలి. చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ నియమం సగానికి మించి కప్పనివ్వదు. పెంచిన ఎఫ్ఏఆర్‌లో ఐదున్నర దాకా వాడగలరు, మిగతా నాలుగున్నర కాగితం మీదే ఉండిపోతుంది.